ఇరవైరెండు పచ్చ నవ్వులు

పోయిన వారం గట్టిపిండాన్ని మెట్ల మీద వదిలేశాం. లిఫ్టు పనిచేస్తూనే ఉంది. అయినా ఆవిడ మెట్లెక్కుతోంది. నాలుగో అంతస్తు చేరేలోపు మనసు ఒక దారికి వస్తుందేమోనని. చేతిలో సంతకం పెట్టాల్సిన రిపోర్టు. చెవిలో ముందురోజు సాయంత్రం కూనిరాగం భార్య గుమ్మం బయటే నిలబడి, రమ్మన్నా లోపలికి రాకుండా అన్న మాట.

"మీ సంతకం ఒక్కటే మిగిలిందట కదా వదినా. పెడితే ఆయన ఉద్యోగం పోతుందట. పెట్టకపోతే ఏమవుతుందో నాకు తెలీదు. మీకు తెలిస్తే చెప్పండి."

కొత్తగా చదివేవాళ్లకి నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

ఇది ఆపద ఫోన్ల గది కథ. గుండె పట్టేసినా, ఇల్లు అంటుకున్నా, బండి కింద మనిషి పడ్డా, ఫోను మోగేది ఇక్కడే. రెండో అంతస్తులో ఇరవైరెండు కుర్చీలు, ఇరవైరెండు హెడ్‌సెట్లు. ఒక ఫోను అయిపోయిన ఎనిమిది సెకన్లకి ఇంకోటి దానంతటదే చెవిలో పడుతుంది. ఏ ఫోనొచ్చినా మొదటి ప్రశ్న ఒకటే: "మీరు ఎక్కడున్నారు?" ఏం జరిగిందన్నది తర్వాత. ముందు చోటు తెలియాలి. చోటు తెలిస్తేనే బండి కదులుతుంది. ఆ తర్వాత అవతలి మనిషి బతికాడా పోయాడా అన్నది ఈ చెవులకి ఎవరూ చెప్పరు.

ఆ గదిలో పదహారేళ్లుగా ఒకటో కుర్చీలో కూర్చునే ఆవిడ గట్టిపిండం. రసాయనాల గోదాము పేలిన రోజున కుర్చీలోంచి లేవకుండా డెబ్భైఒక్క ఫోన్లు ఎత్తింది. అప్పటినుంచీ ఆ పేరు. పెట్టినవాళ్లు మెచ్చుకుంటూనే పెట్టారు. కానీ ఒకసారి గట్టిపిండం అని పేరు పడ్డాక, నీకెక్కడైనా నొప్పిగా ఉందా అని ఆ మనిషిని అడిగే దిక్కుండదు. పోనుపోను ఆ మనిషి కూడా పక్కవాళ్లని అడగడం మానేస్తుంది.

ఎనిమిదో కుర్చీ కూనిరాగానిది. ముప్పైనాలుగేళ్లవాడు, ఫోనుకీ ఫోనుకీ మధ్య ఆ ఎనిమిది సెకన్లూ ఏదో ఒక రాగం తీసేవాడు. ఆర్నెల్ల కిందట ఒక తొమ్మిదేళ్ల పిల్ల ఫోను చేసింది. అమ్మ ఊపిరి తీసుకోవడం లేదంది. ఛాతీ మీద ఎక్కడ చేతులు పెట్టాలో, ఎంత గట్టిగా నొక్కాలో చెప్పి, ఆ పిల్లతోపాటు కూనిరాగం లెక్కపెట్టాడు. ఒకటి నుంచి ముప్పై. మళ్లీ ఒకటి నుంచి ముప్పై. పదకొండు నిమిషాలు. అంబులెన్సువాళ్లు తలుపు తట్టారు, ఫోను తెగిపోయింది. ఎనిమిది సెకన్ల తర్వాత అతని చెవిలో పడిన ఫోను ఏమిటో తెలుసా? వేలికి ఉంగరం బిగుసుకుపోయింది, ఏం చెయ్యమంటారని. సబ్బునీళ్లు రాయమని మర్యాదగా చెప్పాడు.

ఆ తర్వాత రాగం ఆగిపోయింది. కొన్నాళ్లకి లెక్క మొదలైంది. ఇప్పుడు ఇంట్లో మంచం మీద కూర్చుని ముప్పై దాకా లెక్కపెట్టి, మళ్లీ ఒకటితో మొదలుపెడుతున్నాడు. రెండు నెలలుగా సెలవు. ఈ వారంతో సెలవు సరి.

ఇక రిపోర్టు. సిబ్బంది మనసులు బాగుండటానికని రెండేళ్ల కిందట సంస్థ 'మనసుకు తోడు' అని ఒక పథకం పెట్టింది. ఆ పథకం ఎంత బాగా నడిచిందో తేల్చే రిపోర్టు ఇది. నలభై పేజీలు. ముప్పైతొమ్మిది పేజీల నిండా చిరునవ్వులు. నలభయ్యో పేజీలో తొమ్మిదో అంశం: పథకం అందుబాటులో ఉన్నా వినియోగించుకోని ఉద్యోగి అనారోగ్యానికి సంస్థ బాధ్యత వహించదు. అంటే పథకాన్ని వాడుకోని కూనిరాగానికి ఇంక సెలవూ లేదు, ఉద్యోగమూ లేదు. కింద నాలుగు సంతకాలకు చోటు. మూడు పడ్డాయి. నాలుగోది సిబ్బంది ప్రతినిధిది. అంటే గట్టిపిండానిది.

అదీ సంగతి. ఇప్పుడు తలుపు తోద్దాం.

*

పదకొండు గంటలు. నాలుగో అంతస్తు గదిలో పొడవాటి బల్ల, బల్ల మీద అందరికీ తలొక నీళ్ల సీసా, మూతలు కూడా ఊడదీయని సీసాలు. ఆ చివర పెద్దసారు, అంటే డైరెక్టరు. పక్కన సంక్షేమం మేడమ్. పథకం ఆవిడ బిడ్డ. ఈ చివర ల్యాప్‌టాప్ వెనక సగం దాక్కుని, పథకాన్ని కొలవడానికి పై ఆఫీసు పంపిన మనిషి. కింద గదిలో అందరూ అతన్ని లెక్కలాయన అంటారు.

"రావమ్మా, రా. ఒక్క సంతకానికి ఇంత ఆలస్యమా?" అన్నాడు పెద్దసారు, పెన్ను మూత తీసి మరీ చాపుతూ. "కింద లైన్లు ఖాళీగా ఉంటాయి, చప్పున కానిచ్చెయ్."

గట్టిపిండం కూర్చుంది. పెన్ను అందుకోలేదు.

"చదివాను సార్."

"మొత్తమా?" సంక్షేమం మేడమ్ నవ్వింది. "అంత చదవక్కర్లేదండీ. మొదటి పేజీలో సారాంశం ఉంటుంది."

"సారాంశమూ చదివాను మేడమ్. నూటికి తొంభైఎనిమిది మంది సంతోషంగా ఉన్నారని రాశారు."

"ఉన్నారు కదా మరి!"

"మిగతా ఇద్దరూ ఎవరు?"

మేడమ్ పెద్దసారు వైపు చూసింది. పెద్దసారు గోడ గడియారం వైపు చూశాడు.

"చూడమ్మా," అన్నాడు ఆయన, బుజ్జగించే గొంతుతో. ఆ గొంతంటే గట్టిపిండానికి చెడ్డ చిరాకు. ఫోన్లో ఏడ్చేవాళ్లతో తనూ అదే గొంతు వాడుతుంది కనక దాని లోపల ఏముంటుందో తెలుసు. "కూనిరాగం విషయం నాకూ బాధే. మంచి కుర్రాడు. కానీ మనం ఏం చెయ్యలేదు చెప్పు? సలహా గది పెట్టాం. నిపుణుణ్ణి పెట్టాం. అతనొక్కసారి వెళ్లాడా? రిజిస్టరులో పేరు లేదు. గుర్రాన్ని చెరువు దాకా తీసుకెళ్లగలం గానీ..."

"సలహా గది తలుపు గాజుది సార్."

"ఏమిటి?"

"గాజు తలుపు. సూపర్‌వైజరు బల్లకి సరిగ్గా ఎదురుగా. లోపల కుర్చీలో ఎవరు కూర్చుని ముక్కు చీదుతున్నారో గదంతా చూస్తుంది. అక్కడికెళ్లాలంటే ముందు ఫోను మీద ఏడో బటన్ నొక్కాలి. నొక్కగానే గోడ మీద బోర్డులో మన కుర్చీ నంబరు ఎర్రగా వెలుగుతుంది. ఎన్ని నిమిషాలు పనిలో లేమో కూడా పడుతుంది. నెలాఖరుకి ఆ నిమిషాలన్నీ మళ్లీ మాకే చూపించి, ఏమ్మా, పని మీద శ్రద్ధ తగ్గిందా అంటారు. లోపలికి పోతే ఎవరున్నారు? తెర మీద ఒకాయన. మంగళవారం మంగళవారం. మధ్యలో బొమ్మ ఆగిపోతే నోరు తెరుచుకుని అలాగే ఉంటాడు."

లెక్కలాయనకి నవ్వొచ్చి, దగ్గుగా మార్చుకున్నాడు.

"మొదటి ఏడాది అరవైనాలుగు మంది వెళ్లారు," గట్టిపిండం పేజీ తిప్పింది. "రెండో ఏడాది అయిదుగురు. దానికి మీరిక్కడ ఏం రాశారు? 'సిబ్బంది మానసిక అవసరాలు గణనీయంగా తగ్గాయి.' మేడమ్, ఒక బావి దగ్గరికి జనం రావడం మానేస్తే, వాళ్లకి దాహం తీరిపోయిందని రాస్తారా, బావిలో ఏదో చచ్చిందని చూస్తారా?"

"మీరిలా మాట్లాడితే ఎలాగండీ!" మేడమ్ మొహం ఎర్రబడింది. "సరే, గది సంగతి వదిలెయ్యండి. ముఖాల యంత్రం ఉంది కదా. అది ఎవరినీ పేరడగదు. రోజూ మీవాళ్లే నొక్కుతున్నారు. రెండేళ్లుగా, రోజూ, పచ్చ నవ్వు. నేను పట్టుకుని నొక్కించానా?"

గట్టిపిండం సీసా మూత తిప్పింది, మళ్లీ బిగించింది.

ఇక్కడ ఆ యంత్రం గురించి చెప్పాలి. రెండో అంతస్తు వాకిట్లో, లిఫ్టు పక్కన, నడుమెత్తు స్తంభం. దాని మీద మూడు ముఖాలు. పచ్చది నవ్వుతుంది. పసుప్పచ్చది ఊరికే చూస్తుంది. ఎర్రది మూతి ముడుచుకుని ఉంటుంది. డ్యూటీ దిగి వెళ్లేటప్పుడు మనసెలా ఉంటే అది నొక్కాలి. పెట్టిన కొత్తలో జనం నమ్మారు. నమ్మి నిజం నొక్కారు. బస్సు లోయలో పడిన రోజు డ్యూటీ దిగేటప్పుడు పదకొండు ఎర్రవి పడ్డాయి. మర్నాడు ఏం జరిగింది? ఎవరైనా వచ్చి ఏమైందని అడిగారా? లేదు. డ్యూటీ అయ్యాక షిఫ్టు మొత్తాన్నీ గంటసేపు ఆపి నవ్వుల తరగతి పెట్టారు. గుండ్రంగా నిలబడి, చేతులెత్తి, హహ్హహ్హా అనాలి. ముందురోజు లోయలోంచి వచ్చిన కేకలు చెవుల్లో ఉన్నవాళ్లు హహ్హహ్హా అన్నారు. ఇంటికి చేర్చే వ్యాను వెళ్లిపోయింది. చంటిపిల్లల తల్లులు రోడ్డు మీద పరుగులు పెట్టారు. తర్వాతి వారం నాలుగు ఎర్రవి పడ్డాయి. మళ్లీ హహ్హహ్హా. మళ్లీ వ్యాను పోయింది.

మూడోసారి గట్టిపిండం స్తంభానికి అడ్డంగా నిలబడింది. "మీరు వెళ్లి వ్యానెక్కండి. ఈ బటన్ సంగతి నాకొదిలెయ్యండి," అంది. వరసగా ఇరవైరెండుసార్లు పచ్చ ముఖం నొక్కింది. ఆ రోజు నుంచీ అదే ఆనవాయితీ. మిగతా రెండు షిఫ్టులూ చూసి నేర్చుకున్నాయి. "అక్కా, మన నవ్వులు వేశావా?" "వేశాను, పదండి." హాజరు వేసినంత మామూలు. నవ్వుల తరగతి మళ్లీ జరగలేదు. అందరూ ఆవిడకి దణ్ణం పెట్టారు.

మూడు నెలల కిందట ఒక మధ్యాహ్నం కూనిరాగం వ్యానెక్కకుండా ఆగాడు.

"అక్కా, ఇవాళ నాది ఎర్రది వెయ్యవా?"

"నీ ఒక్కడి మూతి కోసం ఇరవైమందికి వ్యాను పోగొడతావా ఏం? పద పద. నవ్వు. ఆఁ, అదీ."

నవ్వాడు. చెప్పినమాట వినే మనిషి.

ఆ నవ్వు మూడు నెలలుగా గట్టిపిండం గొంతులో ముల్లులా అడ్డుపడి ఉంది. ఇప్పుడు దాన్ని కక్కాలంటే తన చేత్తో తన మెడకే ఉచ్చు వేసుకోవాలి. మింగితే కూనిరాగం ఉద్యోగం పోతుంది. పైగా ఇదే రిపోర్టు చూపించి ఇంకో పన్నెండు చోట్ల ఇవే స్తంభాలు పాతుతారు.

"ఆ నవ్వులు మావాళ్లవి కావు మేడమ్," అంది. "నావి."

"అంటే?"

"నేనే నొక్కాను. రోజూ. ఇరవైరెండు. మీ తొంభైఎనిమిది శాతం ఈ వేలు." చూపుడువేలు ఎత్తి చూపించింది. "మిగతా షిఫ్టుల్లోనూ ఇదే. ఎవరి వేలని మాత్రం అడక్కండి, చెప్పను. మీరు నలభై పేజీలు రాసింది మా మనసుల గురించి కాదు. వ్యాను పోతుందన్న మా భయం గురించి. ఇవన్నీ కాకిలెక్కలు. ఆ కాకిని నేనే."

"అబద్ధం!" మేడమ్ లేచి నిలబడింది. "కూనిరాగాన్ని కాపాడ్డానికి కథలల్లుతోంది సార్. రుజువేముంది? యంత్రం పేర్లు రాయదు కదా!"

"పేర్లు రాయదు," అన్నారెవరో.

లెక్కలాయన. అతని గొంతు ఇంత సన్నగా ఉంటుందని అంతవరకూ ఎవరికీ తెలీదు.

"పేర్లు రాయదు. కానీ టైము రాస్తుంది. సెకన్లతో సహా." ల్యాప్‌టాప్ వాళ్లవైపు తిప్పాడు. "ఇదిగో. రోజూ రెండింటికి, షిఫ్టు దిగే వేళ. ఇరవైరెండు పచ్చలు, పద్దెనిమిది సెకన్లలో. ఒక మనిషి ఇంకో మనిషిని దాటుకుని రావడానికే రెండు సెకన్లు పడుతుంది. నేను ముందు యంత్రం చెడిందనుకున్నా. అదే రాసి పంపా. నా రాతని మార్చి, 'డ్యూటీ ముగిసే వేళ సిబ్బంది నుంచి ఉత్సాహభరితమైన స్పందన' అని అచ్చు వేశారు."

"నువ్వు నోరు మూసుకో," అన్నాడు పెద్దసారు. బుజ్జగింపు గొంతు ఎటు పోయిందో!

"మూసుకునే ఉన్నాను సార్, ఆర్నెల్లుగా." అతను గట్టిపిండం వైపు తిరిగాడు. "ఒకటి అడగొచ్చా అండీ? ఈ పని మొదలైన రోజే మిమ్మల్ని అడగాల్సింది. ఏం చేస్తే ఇది బాగుపడుతుంది?"

రెండేళ్లలో ఈ ప్రశ్న వేసినవాడు ఇతనే. గట్టిపిండానికి, ఆకలితో ఉన్నవాడికి ఒక్కసారిగా విస్తరి ముందు పెడితే చెయ్యి ఎటు పోవాలో తెలియనట్టయింది.

"ఆ ఎనిమిది సెకన్లు తీసెయ్యండి ముందు," అంది చివరికి. "ఘోరమైన ఫోనొకటి అయ్యాక హెడ్‌సెట్ తీసి అరగంట బయట తిరగనివ్వండి. ఎవరూ లెక్కపెట్టకూడదు ఆ అరగంట. అవతలి మనిషి బతికాడో లేదో సాయంత్రానికైనా చెప్పండి. చచ్చిపోయాడన్నా సరే, చెప్పండి. తెలియకపోవడమే పురుగులా తొలిచేస్తుంది. మాటసాయం చేసే మనిషి ఈ బిల్డింగులో కూర్చోకూడదు, మీకు రిపోర్టు ఇవ్వకూడదు. ఇంక మీరు... కొలవాలనుకుంటే ఉన్నవాళ్లని కొలవకండి బాబూ. మానేసి పోయినవాళ్ల ఇళ్లకెళ్లి అడగండి. రెండేళ్లలో పద్నాలుగు మంది పోయారు. ఈ నలభై పేజీల్లో వాళ్ల ముక్క ఒక్కటుందా? ఉన్నవాళ్లం భయస్థులం. మేం నవ్వుతాం."

లెక్కలాయన రాసుకుంటున్నాడు.

"అయిందా ఉపన్యాసం?" పెద్దసారు రిపోర్టుని తన వైపు లాక్కున్నాడు. "ఇప్పుడు నా మాట విను. సంస్థ రికార్డుని రెండేళ్లపాటు తప్పుగా నింపానని నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావు. సాక్షులున్నారు. ఈ నిమిషం నుంచీ నువ్వు సస్పెండ్. ప్రతినిధిగా నీ సంతకం చెల్లదు, అక్కర్లేదు కూడా. వేరేవాళ్లని పెట్టుకుంటాం. సాయంత్రానికి సంతకం పడుతుంది."

చూశారా న్యాయం? దొంగ అద్దం పెట్టినవాడికి దోషం లేదు. అందులో నవ్వినదానికి శిక్ష.

గట్టిపిండం లేచి నిలబడింది. పదహారేళ్లు. ఈ బల్ల చుట్టూ ఉన్నవాళ్లలో ఒక్కడు ఒక్కరోజు, ఒక్క ఫోను ఎత్తాడా?

"పెట్టుకోండి! వెయ్యిమంది చేత పెట్టించుకోండి! ఇరవైరెండు మంది చెవుల్లో పొద్దున్నుంచీ ఏడుపులు పోసి, దిగేటప్పుడు నవ్వు ముఖం నొక్కి పొమ్మంటారా? నొక్కకపోతే హహ్హహ్హా అనిపిస్తారా? ఆ పిల్లాడు లెక్కపెట్టుకుంటున్నాడు సార్, ఇంట్లో కూర్చుని! ఆ బతికిందో లేదో తెలియనావిడ కోసం ఇప్పటికీ లెక్కపెడుతున్నాడు! ఒక్కసారి, ఒక్క ఎర్రది వెయ్యమన్నాడు నన్ను. నేను వెయ్యలేదు. నా పాపం నాది, మొయ్యక తప్పదు. మీ వాటా మీరెప్పుడు మోస్తారు?"

"వేశాడండీ," అన్నాడు లెక్కలాయన.

"ఏంటి?"

"ఎర్రది. అతనే అనుకుంటా. మీరు వెయ్యనన్నాక." తెర మీద వేలు పెట్టాడు. "రెండింటి పచ్చలన్నిటికీ ముందు, పొద్దున తొమ్మిదీ పదికి, ఒకే ఒక్క ఎర్రది. వరసగా పంతొమ్మిది రోజులు. అతను సెలవులోకి వెళ్లిన రోజున ఆగిపోయింది. తొమ్మిదీ పది అతని టీ విరామం. ఆ పంతొమ్మిదీ రిపోర్టులో లేవు. యంత్ర లోపం అని కొట్టేశారు. కొట్టేసిన కాగితం మీద సంతకం..."

గుమ్మడికాయల దొంగ అనకముందే సంక్షేమం మేడమ్ భుజాలు తడుముకుంది. "అవి పొరపాటున పడ్డాయనే అనుకున్నానండీ! రోజుకొక్కటి! ఎవరో ఆడుకుంటున్నారనుకున్నా!"

పంతొమ్మిది రోజులు. వ్యాను ఎవరికీ పోకుండా, ఎవరూ చూడకుండా, టీ తాగే పావుగంటలో వెళ్లి మూతి ముడిచిన ముఖాన్ని నొక్కొచ్చాడు. పంతొమ్మిదిసార్లు ఆపద ఫోను చేశాడు. ఎత్తినవాళ్లు లేరు.

గట్టిపిండం తలుపు వైపు నడిచింది. ఇంక ఇక్కడ ఒక్క క్షణం ఉన్నా చెయ్యి ఎవరి మీదైనా లేస్తుందని భయమేసింది.

"ఆగండి," లెక్కలాయన వెనకనుంచి అన్నాడు. "నేను చెప్పాలనుకున్నది అది కాదు. అతను వెళ్లాక దాదాపు నెల రోజులు ఏమీ లేదు. తర్వాత మళ్లీ మొదలైంది. ఇంకో టైములో. పదీ ముప్పైఅయిదుకి. రోజూ ఒక్కటే ఎర్రది. ఇప్పటికి ముప్పైఒక్కటి అయ్యాయి. ఇవాళ కూడా పడింది, ఇందాకే. ఎవరో నాకు తెలీదు. యంత్రానికీ తెలీదు."

యంత్రానికి తెలీదు. గట్టిపిండానికి తెలుసు.

విరామాల పట్టిక వారం వారం రాసేది ఆవిడే. ఒక్కసారికి ఒక్కరే లేవాలి, లైన్లు ఖాళీ పడకూడదు కనక. తొమ్మిదీ పదికి ఎనిమిదో కుర్చీ. పదిన్నరకి నాలుగో కుర్చీ.

నాలుగో కుర్చీ గట్టిపిండం తోడికోడలిది.

*

మెట్లు దిగుతుంటే ఒక్కొక్క మెట్టు మీదా ఒక్కొక్కటి గుర్తొచ్చింది. ఒకే ఇల్లు, ఒకే వంటగది, ఒకే వ్యాను. ఉద్యోగం వేయించింది తనే. మొదటి వారం తోడికోడలు ఏడుస్తూ ఇంటికొస్తే, "ఈ పని గుండె దిటవున్నవాళ్లది. ఏడ్చేదానివైతే మీ ఆయనతో చెప్పి మాన్పించేస్తాను," అంది. ఆ తర్వాత తోడికోడలు ఏడవలేదు. గదిలో అందరికంటే పెద్దగా నవ్వేది ఆవిడే అయింది. మొన్న కూరలో రెండుసార్లు ఉప్పు వేసింది. పోయిన వారం పొయ్యి మీద పాలు పెట్టి, పెట్టిన సంగతే మరిచిపోయి, కాలిన గిన్నె పట్టుకుని ఇదెవరు పెట్టారక్కా అంది. ఇవాళ పొద్దున వ్యాను దగ్గరికి రావాల్సింది పోయి సందు ఆ చివరికి వెళ్లి నిలబడింది. గట్టిపిండం కేకేస్తే తిరిగొచ్చి, "నిద్రమత్తక్కా," అని నవ్వింది.

గట్టిపిండం ఏమంది? "ఫోను చూడ్డం మానేసి పెందరాళే పడుకో," అంది.

రెండో అంతస్తు. స్తంభం అలాగే ఉంది, మూడు ముఖాలతో. ఫోన్ల గది తలుపు తోసింది.

నాలుగో కుర్చీ ఖాళీ.

హెడ్‌సెట్ బల్ల మీద బోర్లా పడి ఉంది. కుర్చీకి సంచి వేలాడుతోంది, అందులోంచి టిఫిన్ డబ్బా మూత కనిపిస్తోంది. టైము పదకొండూ నలభై.

"ఇదెక్కడికి పోయింది?"

అయిదో కుర్చీలో ఆవిడ ఫోన్లో ఉంది. మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "పదిన్నరకి లేచిందక్కా. రాలేదు," అంది.

"గంటయింది కదే! సూపర్‌వైజరుకి చెప్పలేదా?"

"చెబితే బోర్డు మీద ఎర్ర నంబరు పడుతుంది కదా. వచ్చేస్తుందిలే అని మేమే సర్దుతున్నాం. నేనోసారి, మూడో కుర్చీ ఓసారి దాని బటన్ నొక్కుతున్నాం, పనిలో ఉన్నట్టు పడేలా." గట్టిపిండం మొహం చూసి ఆవిడ గొంతు తగ్గిపోయింది. "నువ్వు చేసినట్టేనక్కా. మనవాళ్లకి మనమే కదా."

గట్టిపిండం తలెత్తి బోర్డు చూసింది. నాలుగు. పచ్చగా, నిక్షేపంగా వెలుగుతోంది.

అప్పుడే బోర్డు కింద పసుపు దీపం మినుకుమినుకుమంది. లైను మీద ఎవరో ఆగి ఉన్నారు. అన్ని చెవులూ ఫోన్లలో ఉన్నాయి. ఒకటో కుర్చీకి పరిగెత్తి తన నంబరు కొట్టింది. తెర మీద రెండే మాటలు వచ్చాయి: అనుమతి లేదు. పెద్దసారు మాట అంటే మాటే, క్షణం ఆలస్యం చెయ్యలేదు. దీపం ఇంకా మినుకుతోంది. మోగే ఫోనుని వదిలెయ్యడం ఆ చేతులకి రాదు. నాలుగో కుర్చీలో కూలబడి, తోడికోడలి హెడ్‌సెట్ చెవికి తగిలించుకుంది. ఆ నంబరు మాత్రం బతికే ఉంది.

"ఆపద సేవ. చెప్పండి, మీరు ఎక్కడున్నారు?"

ఊపిరి. బండ్ల రొద. ఎక్కడో నీళ్లు పడుతున్న చప్పుడు.

"భయపడకండమ్మా. ముందు ఎక్కడున్నారో చెప్పండి."

"అక్కా?" అంది అవతలి గొంతు. "నువ్వెత్తావేంటి? నువ్వు పైన మీటింగులో ఉన్నావనుకున్నా. వేరే ఎవరైనా ఎత్తుతారనుకునే చేశా."

గట్టిపిండం వేళ్లు బల్ల అంచుని పట్టుకున్నాయి.

"ఎక్కడున్నావే?"

"అదేనక్కా. టీ తాగుదామని దిగాను. నడుస్తున్నా, నడుస్తున్నా. ఇప్పుడు ఎటు రావాలో తెలియట్లేదు. ఇల్లు ఎటో కూడా..." నవ్వబోయింది. ఆ నవ్వు మధ్యలోనే విరిగిపోయింది. "పంపులు కనిపిస్తున్నాయి. పెద్ద గోడ. నాకు చాలా... నన్ను తిట్టవు కదా?"

"తిట్టను. తల్లీ, తిట్టను. కదలకు. అక్కడే నిలబడు. గోడ మీద ఏం రాసుందో చదువు నాకు."

పదహారేళ్లలో మొదటిసారి ఆ గదిలో గట్టిపిండం గొంతు వణికింది. గదిలో తలలన్నీ ఇటు తిరిగాయి.

"ఆ హెడ్‌సెట్ తీసెయ్."

వెనక పెద్దసారు. మెట్లు గబగబా దిగొచ్చిన ఆయాసం.

"చెప్పాను కదా, నువ్వు సస్పెండ్. వేరేవాళ్ల నంబరు మీద ఫోనెత్తడం ఇంకో నేరం. తీసెయ్."

"సారూ, ఒక్క నిమిషం. లైన్లో ఉన్నది మా నాలుగో కుర్చీ. దారి తెలియక రోడ్డు మీద నిలబడిపోయింది. ఈ ఫోను తెగిందంటే ఎక్కడని వెతకను?"

పెద్దసారు బోర్డు వైపు చూశాడు. ఖాళీ కుర్చీలో కూర్చున్న గట్టిపిండాన్ని చూశాడు. మళ్లీ బోర్డు వైపే చూశాడు.

"నాలుగో కుర్చీ పనిలోనే ఉంది కదా," అన్నాడు. "పచ్చగా వెలుగుతోంది. ఇంకా ఎన్ని కథలు చెబుతావు?"

చెవిలో తోడికోడలు అక్షరాలు కూడబలుక్కుంటోంది. ఒకటి చదివింది. రెండోది చదవబోతోంది.

పెద్దసారు వంగి, హెడ్‌సెట్ తీగని పట్టుకున్నాడు.